మూత విప్పేవి, మోసుకుపోయేవి

సావిన్యా నది మా పొయ్యిలోకి వచ్చిన ఏడాదికి మరుసటి ఏడు అది. మే నెల. బీరులో వేసే హాప్స్ తీగలు అప్పటికే మనిషెత్తు పాకాయి. గోడ మీద వరద గీత ఇంకా ఆరలేదు.

ఇన్‌స్పెక్టరు రాదోవాన్ మా తేనెటీగల కొట్టంలో అగ్గిపుల్ల పట్టుకుని నిలబడ్డాడు. పుల్లను మైనం గదిలో గుచ్చి వెనక్కి తీశాడు. కొసకు గోధుమరంగు జిగురు అంటుకుని తీగలా సాగింది. చెయ్యి ఇంకాస్త లాగాడు. అప్పుడూ తెగలేదు.

నా కూతురు తిల్క దాన్ని చూసింది. వాసన చూడవలసిన పని లేదు. మాడిన వడ్రంగి జిగురు వాసన కొట్టమంతా ఉంది.

"కుళ్ళు రోగమే," అంది.

"మీ నోటితోనే వినాలని ఆగాను, కామ్రేడ్ డాక్టర్," అన్నాడు రాదోవాన్. అతను ల్యుబ్ల్యానాలో ఆమె దగ్గర చదువుకున్నాడు. అప్పుడు పాఠం అప్పజెప్పేటప్పుడు ఎలా నిలబడేవాడో ఇప్పుడూ అలాగే నిలబడ్డాడు.

"ఎన్ని పెట్టెల్లో ఉంది?"

"ఒకటి తప్ప అన్నిట్లో."

ఆ ఒకటి ఏదో చూడకుండానే మాకు తెలుసు. కిటికీ పక్కన ఉన్న గాజు పలకల పెట్టె.

దాని ముందు నా కూతురు మూడు వేసవులు కూర్చుంది. కళ్ళజోడు మీద ఇంకో అద్దం తగిలించుకుని, సన్నని కుంచెతో ఈగల వీపుల మీద చుక్కలు పెట్టేది. గదిలో పిల్లపురుగు చచ్చిపోతే కొన్ని ఈగలు వచ్చి మైనం మూత విప్పుతాయి. వాటికి తెల్లచుక్క. తర్వాత వేరేవి వచ్చి చచ్చినదాన్ని బయటికి లాగి మోసుకుపోతాయి. వాటికి పసుపుచుక్క. మూత విప్పేవి మోయవు. మోసేవి మూత విప్పవు. రెండు రకాలూ ఉన్న పెట్టెలో రోగం కాలూనలేదని తిల్క అంటుంది. ల్యుబ్ల్యానాలో విశ్వవిద్యాలయం పెద్దలు నవ్వారు. ఈగల్లో శవాలు మోసేవాళ్ళు కూడా ఉంటారా అని అడిగారు. ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని రైలెక్కి ఇంటికి వచ్చేసింది. ఇంకొక్క వేసవి గడిస్తే, ఈ రాణి కూతుళ్ళను వేరే పెట్టెల్లో ఎక్కించి, ఆ గుణం తల్లి నుంచి పిల్లకు వస్తుందని చూపిస్తానంది. ఇంకొక్క వేసవి.

"గాజు పెట్టెలో పిల్లలు శుభ్రంగా ఉన్నాయి," అన్నాడు రాదోవాన్. "రెండుసార్లు చూశాను."

"శుభ్రంగా ఉండలేదు. శుభ్రం చేసుకున్నాయి."

"అవును. కానీ తేనెలో రోగం విత్తు ఉండే ఉంటుంది. పైగా అన్నీ ఒకే కప్పు కింద ఉన్నాయి."

"ఈగల్ని కొత్త పెట్టెలోకి దులుపుదాం. పాత చట్రాలు కాల్చేద్దాం. కడుపులో ఉన్న తేనె అరిగేదాకా పస్తు పెడదాం. బతుకుతాయి. నీకు తెలుసు బతుకుతాయని."

రాదోవాన్ అగ్గిపుల్లను కాగితంలో చుట్టాడు. చుట్టడం అయిపోయినా ఇంకా చుడుతూనే ఉన్నాడు.

"పోయినేడు మీ పక్కింటి ఫ్లోర్యాన్ గారు మిమ్మల్ని అదే అడిగారు," అన్నాడు.

తిల్క గాజు పెట్టె వైపు తిరిగింది.

"దులపడం లేదు. రాణిని తీయడం లేదు. ఒకే కప్పు కింద ఉన్నదంతా గుంటలో వేసి కాల్చడమే. ఆ నియమాన్ని తేనెటీగలవాళ్ళ సంఘం చేత ఒప్పించింది మీరే. దులుపుతామని చెప్పి జనం మోసం చేస్తారు, ఒక్క పెట్టె మిగిలితే లోయంతా పోతుంది అన్నారు. నేను చెయ్యెత్తాను. నా పక్కన మీ నాన్నగారు ఎత్తారు."

ఎత్తాను. నిజమే.

"రేపు ఎండ ఎక్కకముందే వస్తాను. పెట్టెల ద్వారాలు మూసి ఉంచండి," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "ఒకటి అడగాలి. రాసుకోవాలి కాబట్టి అడుగుతున్నాను. బయటి తేనె ఏమైనా పెట్టారా వీటికి?"

"ఈ కొట్టంలోకి బయటి తేనె రాదు," అంది తిల్క. "ఆ ఒక్క విషయంలో ఎవరూ నన్ను వేలెత్తి చూపలేరు."

గుమ్మం దగ్గర నా భార్య నేజ నిలబడి ఉంది.

"కోళ్ళు," అని గొణిగి వెళ్ళిపోయింది.

ఆ వేళప్పుడు కోళ్ళ దగ్గర పనేమీ లేదు.

*

మధ్యాహ్నం వింకో హాప్స్ తోట నుంచి వచ్చాడు. నా కొడుకు. భుజాన తీగచుట్ట ఇంకా దించలేదు.

"ఫ్లోర్యాన్ బాబాయి పార సానబెడుతున్నాడు," అన్నాడు. "ఎవరికి గొయ్యి అని అడిగితే నవ్వాడు. ఏం జరిగింది?"

తిల్క వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని ఉంది. నేజ ఆమెకు వీపు పెట్టి పిండి జల్లిస్తోంది. నేను కిటికీ దగ్గర ఉన్నాను.

"కుళ్ళు రోగం," అంది తిల్క. "ఎవరు తెచ్చారో చెప్పు."

"నన్నెందుకు చూస్తావక్కా? నీ పెట్టెల జోలికి నేనెప్పుడొచ్చాను? ఆ కిటికీ పక్కన దగ్గితేనే ఈగలు బెదిరాయని కేకలేస్తావు."

"గాలికి రాదు ఇది. తేనెతో వస్తుంది. వరదప్పుడు మన హాప్స్ తీగలకు ఒక పెట్టె చిక్కుకుంది. ఎగువ నుంచి ఎవరిదో కొట్టుకొచ్చింది. దాన్ని కాల్చెయ్యమన్నాను."

"అన్నావు."

"కాల్చావా?"

"దేంతో కాల్చను? ఆ రోజు ఈ ఊళ్ళో పొడిగా ఉన్న అగ్గిపుల్ల ఒక్కటి చూపించు. నేనే తడిసి ఉన్నాను. నాన్న తడిసి ఉన్నాడు. ఆవేమో కొట్టం కప్పు మీద నిలబడి అరుస్తోంది."

"ఏం చేశావు మరి?"

వింకో తీగచుట్ట దించాడు. నేల మీద నెమ్మదిగా పెట్టాడు.

"అమ్మకిచ్చాను."

జల్లెడ ఆగింది.

నేజ ఇటు తిరగలేదు. పిండి దుమ్ము ఆమె చుట్టూ నిలిచి మెల్లగా దిగుతోంది.

"అందులో ఈగలన్నీ మునిగి చచ్చాయి," అంది. "తేనె మాత్రం మైనం కింద చెక్కు చెదరలేదు. చుక్క నీళ్ళు దూరలేదు."

"దాన్నేం చేశావమ్మా?"

"ఏం చేస్తారు? నది తెచ్చింది వద్దనకూడదు. తెచ్చింది ఒక్కరే తినకూడదు. మా అమ్మ అలాగే చేసింది, వాళ్ళమ్మా అలాగే చేసింది. ఇంట్లో ఎన్ని నోళ్ళుంటే అన్ని ముక్కలు. మనకో ముక్క, ఆవుకో ముక్క. మీరంతా తిన్నారు. రొట్టె మీద రాసి పెట్టాను, బాగుందన్నారు."

"ఈగలకి?"

"వాటికీ నోరుంది కదా. ఒకరికి పెట్టి ఒకరికి మానేస్తే నది ఆ మానేసినవాళ్ళ కోసం మళ్ళీ వస్తుంది."

"ప్రతి పెట్టెలోనూ పెట్టావా?"

"పెట్టాను."

"గాజు దాంట్లో?"

"దాంట్లో పెద్ద ముక్క పెట్టాను," అంది నేజ. "నీది కదా అని."

బయట ఎవరిదో బండి వెళ్ళింది. 

"నది మళ్ళీ రాలేదు కదా," అన్నాడు వింకో. "ఏదో ఒకటి పని చేసినట్టేగా."

ఎవరూ నవ్వలేదు. వాడూ నవ్వలేదు.

"నాకెందుకు చెప్పలేదు?" అంది తిల్క.

"చెప్తే నవ్వేదానివి."

"నవ్వేదాన్ని. నవ్వి, వెళ్ళి తీసి పారేసేదాన్ని."

"అందుకే చెప్పలేదు."

"ల్యుబ్ల్యానాలో అయితే ఎవరో ఒకరు వాటికి అదీ ఇదీ తినిపిస్తారని భయపడ్డాను. మా ఇంట్లో అయితే భయం లేదనుకున్నాను. మా అమ్మ ఉంటుంది, ఎవరినీ ముట్టుకోనివ్వదు అనుకున్నాను."

నేజ జల్లెడను బోర్లించి బల్ల అంచుకు తట్టింది. ఒకసారి తట్టి ఊరుకుంది.

వింకో కుర్చీ లాక్కుని అక్క ఎదురుగా కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు, మేం వినడం లేదన్నట్టు.

"బండి కడతాను. ఇప్పుడే. గాజు పెట్టె ఒక్కటీ దోబ్రోవ్ల్యే కొండ మీదికి చేర్చేస్తాను. గడ్డి కప్పితే ఎవడికి తెలుస్తుంది? రాదోవాన్ అడిగితే పగిలిపోయిందంటాం."

"కొండ మీద ఎవరి ఈగలూ లేవా?"

"ఉన్నాయి. మిత్స్కా ముసలమ్మవి."

"ఆమెకు అవి తప్ప ఇంకేమున్నాయి?"

వాడు ఆలోచించాడు. "మేక," అన్నాడు.

"మేకనొదిలి మిగతాది తీసుకోమంటావా?"

"సరే. పెట్టె వద్దు. రాణినొక్కదాన్ని దాచు. వేలెడంత గూడులో పడుతుంది. అదొక్కటి ఉంటే చాలదా నీకు?"

"చాలు," అంది తిల్క. "అది ఉంటే అంతా ఉన్నట్టే. ఆ గుణం రాణి కడుపులో ఉంది. దాని కూతుళ్ళలోంచి మళ్ళీ తెల్లచుక్కలు పెట్టుకోవచ్చు, పసుపుచుక్కలు పెట్టుకోవచ్చు. అందుకే అడగకురా. ఇంకోసారి అడిగితే సరే అంటానేమో."

జల్లెడ మళ్ళీ మొదలైంది.

*

మా లోయలో ఇంటివాడు తన ఈగలకు తను గుంట తవ్వుకోకూడదు. పక్కింటివాడు రావాలి. తవ్వినవాడికి ఇంట్లో భోజనం పెట్టాలి.

పొద్దు వాలుతుండగా ఫ్లోర్యాన్ పార భుజాన వేసుకుని వచ్చాడు. పోయిన వసంతంలో ఇదే రోగం వచ్చి అతని పెట్టెలన్నీ కాలాయి. ఆ గుంట నేను తవ్వాను. అప్పటి నుంచి మేమిద్దరం పలకరించుకుంటున్నాం గాని మాట్లాడుకోవడం లేదు.

"రోక్ అన్నా, ఎక్కడ?" అన్నాడు.

"ప్లమ్ చెట్ల వెనక."

"అక్కడ రాళ్ళు."

"అన్నిచోట్లా రాళ్ళే."

అతను ఒక కర్ర తెచ్చాడు. దాని మీద కత్తితో గీసిన గాటు ఉంది.

"పోయినేడు మీ అమ్మాయి నాకు లోతు కొలిచి చూపించిన కర్ర," అన్నాడు. "పారెయ్యలేదు. ఆ గాటు దాకా రాకపోతే ఒప్పుకోదు కదా డాక్టరమ్మ."

తిల్క గుమ్మంలోకి వచ్చి ఆ కర్రను చూసింది.

"ఇంకాస్త లోతైనా మంచిదే, ఫ్లోర్యాన్ బాబాయ్," అంది.

"నాకు అంతే తవ్వించావు. నీకెక్కువ తవ్వను. పక్షపాతం అంటారు."

అతను తవ్వాడు. నేను రాళ్ళు ఏరి పక్కన పోశాను. గాటు దాకా వచ్చాక కర్ర పెట్టి నాకు చూపించాడు. నేను తలూపాను. తర్వాత ఇంకో పార మట్టి తీశాడు. ఎందుకో నేను అడగలేదు.

నేజ అయ్‌దా గింజల పిండితో సంకటి చేసింది. పైన వేయించిన కొవ్వు ముక్కలు, పక్కన పుల్లపాలు. ఫ్లోర్యాన్‌కు పెద్ద చెంచా ఇచ్చింది. అందరం ఒకే పళ్ళెం చుట్టూ కూర్చున్నాం. నేజ తినలేదు. ఏప్రన్ కూడా విప్పకుండా, పొయ్యి పక్కన ముక్కాలి పీట మీద ఒక చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"వదినా, సంకటిలో ఉప్పు లేదు," అన్నాడు ఫ్లోర్యాన్.

"మర్చిపోయాను."

"మంచిదే. మా ఇంట్లో గుంట తవ్విన రోజు మా ఆవిడ లీజ రెండుసార్లు వేసింది."

కాసేపు చెంచాల చప్పుడు.

"డాక్టరమ్మా, కాల్చడం కష్టం కాదు," అన్నాడు. "ఆ తర్వాత రోజుల్లో ఉంటుంది. నువ్వేదో పనిలో ఉంటావు. చెవి దానంతటది పెట్టెలుండే మూలకు పోతుంది. ఏమీ వినపడదు. నేనిప్పటికీ ఆ మూల తలుపు వేసి ఉంచుతాను."

తిల్క తినడం ఆపింది. అతని మాటకు కాదు. తల పక్కకు వంచి ఏదో వింటోంది.

అప్పుడు నాకూ వినపడింది. కిటికీ తెరిచి ఉంది. కొట్టం పదడుగుల అవతల. మిగతా పెట్టెలు సాయంత్రం మామూలుగా సణుగుతున్నాయి. ఒక పెట్టె మాత్రం మూలుగుతోంది. గొంతు పైకి లేచి, విరిగి, మళ్ళీ లేస్తోంది. రాణి పోయిన పెట్టె అలా ఏడుస్తుంది. చిన్నప్పటి నుంచి ఎరిగినవాళ్ళకు అది ఇంకొకలా వినపడదు.

"గాజు పెట్టె," అంది తిల్క. చెంచా పక్కన పెట్టింది. "రాణి లేదు అందులో."

వింకో రెండు చేతులూ ఎత్తి బల్ల మీద పెట్టాడు. "నేను కాదు. ఈసారి నిజంగా కాదు."

తిల్క నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను.

తర్వాత అందరం పొయ్యి వైపు చూశాం.

నేజ ఒళ్ళోని చెయ్యి ఏప్రన్ జేబు మీద ఉంది. కప్పి పట్టుకుంది.

ఫ్లోర్యాన్ నోటి దాకా తీసుకెళ్ళిన చెంచాను దించాడు.

"మా లీజ కూడా అచ్చం అలాగే కూర్చుంది," అన్నాడు. గొంతులో వెటకారం లేదు. అది ఉంటే బాగుండేది.

ఆ రోజు నేనక్కడే ఉన్నాను. లీజ ఏప్రన్ జేబులో నా కూతురు చెయ్యి పెట్టింది. రాణి గూడును బయటికి తీసి మంటలో వేసింది. క్షమించు పిన్నీ అంది, వేశాక. అప్పటి నుంచి లీజ మా వాకిలి తొక్కలేదు. రాణిని తీయకూడదన్న మాట ఆ తర్వాతే నియమంలో చేరింది.

తిల్క లేచి వెళ్ళి తల్లి ముందు నిలబడింది. అరచెయ్యి చాపింది.

"అమ్మా. ఇవ్వు."

"ఏమివ్వాలి?"

"ఇవ్వు."

నేజ ఆ చేతిని చూసింది. కుంచె పట్టుకుని పట్టుకుని చూపుడువేలి పక్కన కాయ కాసింది దానికి.

"నేను పెట్టిన ముక్క వల్లే కదా," అంది. "నేనే చంపాను కదా అన్నిట్నీ. ఒక్కదాన్ని దాచనీ. నీకు ఇదొక్కటి చాలన్నావు. నీ నోటితో అన్నావు, నేను విన్నాను."

"దాని చుట్టూ గూడులో నాలుగు ఈగలున్నాయి. వాటి కడుపులో ఆ తేనే ఉంది."

"వాటిని తీసేస్తాను. రాణిని కడుగుతాను."

"కడిగితే పోయేదైతే నేనే కడిగేదాన్ని."

"నీకు తెలియనిదేదీ లేదు కదూ?"

"నీకు తెలిసిందేదీ నాకు చెప్పవు కదమ్మా."

కొట్టంలో మూలుగు ఇంకా పెరిగింది. వింకో లేచి కిటికీ వేశాడు. అయినా వినపడుతూనే ఉంది.

"ఉండనీ అమ్మాయీ," అన్నాడు ఫ్లోర్యాన్. "నేనేమీ చూడలేదు. సంకటి తింటున్నాను. ఉప్పు లేని సంకటి. అదొక్కటే చెప్తాను ఎవరడిగినా."

తిల్క అతని వైపు తిరిగింది.

"చెప్పవు. నాకు తెలుసు నువ్వు చెప్పవని," అంది. "తిట్టినా బాగుండేది బాబాయ్."

"తిట్టడానికే వచ్చాను. పొద్దున్నుంచి మాటలు కూడగట్టుకున్నాను. ఇక్కడికొచ్చాక ఒక్కటీ గుర్తు రావడం లేదు."

"నాన్నా," అంది తిల్క. నా వైపు చూడకుండానే అంది. "నువ్వు చెప్పు. నువ్వు ఏదంటే అది."

నా దగ్గర రెండు మాటలున్నాయి. ఒకటి కూతురికి, ఒకటి భార్యకు. ఒకటి పైకంటే రెండోది ఇక ఈ జన్మలో అనలేను. అందరూ ఆగారు. ఫ్లోర్యాన్ కూడా నా నోటి వైపే చూశాడు. నేను చెప్పలేదు.

 తిల్క వంగి, తల్లి చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని పక్కకు తీసింది. నేజ పెనుగులాడలేదు. మొహం మాత్రం గోడ వైపు తిప్పుకుంది. తిల్క చెయ్యి జేబులోకి పోయింది. వేలెడంత పుల్లల గూడు బయటికి వచ్చింది. లోపల ఎర్రచుక్క రాణి అటూ ఇటూ తిరుగుతోంది.

తిల్క దాన్ని గుండెకు ఆనించుకోలేదు, ఏమీ చేయలేదు. దూరంగా పట్టుకుని బయటికి వెళ్ళింది.

మేం కూర్చుని విన్నాం. కొట్టం తలుపు తెరుచుకుంది. మూలుగు కాసేపు అలాగే ఉంది. తర్వాత పొయ్యి మీద నుంచి దించిన పాలలా మెల్లగా అణిగింది. రాణి లోపలికి చేరింది. పెట్టె నెమ్మదించింది. రేపటి సంగతి వాటికి తెలియదు.

ఫ్లోర్యాన్ లేచాడు. పళ్ళెంలో అతని వైపు సంకటి అలాగే ఉంది. గుమ్మం దగ్గర ఆగాడు.

"వదినా, రేపు లీజను పంపిస్తాను. ఊరికే వచ్చి నీ పక్కన కూర్చుంటుంది."

"రావద్దని చెప్పు," అంది నేజ.

అతను కర్రను గుమ్మం పక్కన గోడకు ఆనించి వెళ్ళిపోయాడు. మర్చిపోయాడో, వదిలేశాడో.

తిల్క తిరిగి వచ్చేసరికి నేజ లేచి నిలబడి ఉంది. ఇద్దరి మధ్యా బల్ల ఉంది.

"నా జేబులో చెయ్యి పెట్టావు," అంది నేజ.

"పెట్టాను."

"ఫ్లోర్యాన్ ఇక్కడ లేకపోతే పెట్టేదానివా?"

తిల్క ఆ చేతిని వెనక్కి దాచుకుంది.   నేజ ఏప్రన్ ముడి విప్పి, మడత పెట్టి, కూతురు కూర్చునే కుర్చీలో పెట్టి మేడ మీదికి వెళ్ళిపోయింది.

తిల్క ఆ కుర్చీలో కూర్చోలేదు. నిలబడే ఉంది.

"వెళ్ళు అక్కా, వెనకే వెళ్ళు," అన్నాడు వింకో.

"వెళ్ళి ఏమనను?"

వాడు నన్ను చూశాడు. నేను దీపం వత్తి తగ్గించాను.

*

తెల్లవారుతుండగా నేను వాగు ఒడ్డుకు వెళ్ళి నాచు పీకి తెచ్చాను. గుడ్డ పెడితే ఈగలు కొరుకుతాయి. నాచైతే గాలి ఆడుతుంది, దారి ఉండదు.

ఒక్కో పెట్టె ద్వారంలో కొంచెం కొంచెం కుక్కాను. పెట్టెల ముందు పలకల మీద మా తాత వేయించిన బొమ్మలున్నాయి. వేటగాడికి గడ్డం గీస్తున్న నక్క. దయ్యం దగ్గర కత్తులు సానపట్టుకుంటున్న ఆడవాళ్ళు. వింకో ఉలి తెచ్చి వాటిని ఊడబెరకబోయాడు. అప్పుడే సైకిలు దిగిన రాదోవాన్ వద్దన్నాడు. పలకలు కూడా కాలాలి, అన్నాడు. వింకో ఉలిని గడ్డిలో పడేసి గుంట దగ్గరికి పోయాడు. రాదోవాన్ ఈగల్ని చంపే గంధకం సంచి విప్పుతూ మా వైపు వీపు పెట్టుకున్నాడు.

గాజు పెట్టెను ఆఖరున ఉంచాను.

ద్వారంలో నాచు పెట్టి, గాజు మీది చెక్క తలుపు తీసి లోపలికి చూశాను. చూడకుండా ఉండవలసింది. తెల్లచుక్క ఈగలు ఒక గది చుట్టూ చేరి మైనం మూత అంచులు తెంపుతున్నాయి. ఒకటి మూత పూర్తిగా విప్పి పక్కకు జరిగింది. పసుపుచుక్కది వచ్చింది. లోపలి నుంచి చచ్చిన పిల్లపురుగును లాగింది. అది జిగురు కాకముందే. ఇంకా తెల్లగా ఉండగానే.

దాన్ని ఈడ్చుకుంటూ ద్వారం దాకా వచ్చింది. నాచు తగిలింది. తలతో నెట్టింది. వెనక్కి పోయి, ఇంకో పక్క నుంచి వచ్చి మళ్ళీ నెట్టింది. బరువు మాత్రం వదల్లేదు.

నేను వేలు పెట్టి నాచు కాస్త తప్పించాను.

అది బయటికి వచ్చింది. అంచు మీద ఒక్క క్షణం ఆగి, బరువుతో కిందికి జారుతూ లేచి ఎగిరింది. ప్లమ్ చెట్ల అవతలికి పోయింది. నేను నాచు మళ్ళీ పెట్టేశాను. పెట్టె ఎత్తబోయాను. ఎత్తలేదు. నిలబడ్డాను.

కాసేపటికి అది తిరిగి వచ్చింది. ఖాళీగా వచ్చింది. నాచు మీద వాలి, అటూ ఇటూ నడిచింది. దారి ఇక్కడే ఉండాలి కదా అన్నట్టు పెట్టె అంచు వెంట వెళ్ళి వచ్చింది.

నా వెనక అడుగు చప్పుడైంది. తిల్క. నిన్నటి బట్టల్లోనే ఉంది. ఎప్పటి నుంచి చూస్తోందో తెలియదు. మేడ మీద కిటికీ తలుపు మూసే ఉంది.

"చూశావా నాన్నా?" అంది.

"చూశాను."

"ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు."

"నేను చూశాను," అన్నాను మళ్ళీ.

ఈగ నాచులో తల దూర్చి కాళ్ళతో తవ్వుతోంది. గుంట దగ్గర నుంచి రాదోవాన్ పిలిచాడు. గట్టిగా పిలవలేదు. రోక్ గారూ, అని ఒక్కసారి పిలిచి ఊరుకున్నాడు.

"దీన్ని ఇలాగే వదిలేద్దామా?" అన్నాను. "ఒక్కటే కదా."

తిల్క తల అడ్డంగా ఊపింది.

"ఒంటరిగా సాయంత్రం దాకా కూడా బతకదు. ఈలోపు రోగం మోసుకుని ఎవరి పెట్టె గుమ్మం దగ్గరికో పోతుంది," అంది. "లోపలికి రానీ."

నేను నాచు తీశాను. అది ఆగకుండా లోపలికి నడిచి వెళ్ళిపోయింది. మళ్ళీ నాచు పెట్టి, వేలితో గట్టిగా నొక్కి, పెట్టె ఎత్తుకున్నాను.